నేను చదవనన్న లైను

పాస్టరుగారు ఇచ్చిన కాగితంలో మూడు లైన్లున్నాయి. బాప్తిస్మం రోజున తొట్టిలో నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా ఆ మూడూ చదవాలి. మొదటిది, యేసు నా ప్రభువు అని. మూడోది, బతికినంతకాలం ఆయన వెంటే నడుస్తానని. ఆ రెండూ ఎప్పుడడిగినా తడుముకోకుండా చెప్పగలను. నడిమిది మాత్రం నా నోట రాలేదు. "ఇంతకుముందు నేను నమ్మిన యేసు నిజమైన యేసు కాదని ఒప్పుకొంటున్నాను."

"చూద్దాం అయ్యగారూ" అని కాగితం మడిచి టికెట్ల సంచిలో పెట్టుకున్నాను. నేను చూద్దాం అన్నానంటే కుదరదని అర్థం. ఆ సంగతి నాతో డ్యూటీ చేసే డ్రైవరన్నకు తెలుసు, పాపం పాస్టరుగారికి తెలియదు. ఆయన సంతోషంగా తలూపి వెళ్ళిపోయారు.

నేను ఆర్టీసీలో కండక్టరును. ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే పల్లెవెలుగు బస్సు నాది. మా ఆయన ఇదే డిపోలో డ్రైవరుగా ఉండేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం బదులు నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఇంటర్ దాకా చదివిన మగ్గాల ఇంటి పిల్లను. అప్పటిదాకా నలుగురిలో గట్టిగా మాట్లాడి ఎరగను. ఇప్పుడు నా గొంతు బస్సు వెనక సీటు దాకా ఏమిటి, వెనకొచ్చే లారీ దాకా వినబడుతుందని డిపోలో ఎగతాళి చేస్తారు.

పుట్టింట్లో నాకు యేసు తెలియదు. క్రిస్మస్ నాడు పక్కింటివాళ్ళు పంపే కేకు ముక్క తెలుసు, అంతే. ఆయనను నాకు చూపించినవాళ్ళు మోర్మన్లు, అమెరికాలో పుట్టిన ఒక సంఘంవాళ్ళు; మిగతా సంఘాలు వాళ్ళను క్రైస్తవులుగా ఒప్పుకోవు. అది కూడా బెంగళూరులో, మెట్ల మీద.

మా ఆయనకు కిడ్నీలు రెండూ పాడయ్యాయని తేలాక బెంగళూరు తీసుకుపోయాం. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆస్పత్రికి దగ్గరని మూడో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. లిఫ్టు లేదు. ఒకరోజు ఆయన ఎక్కలేక రెండో అంతస్తు మలుపులో కూలబడిపోయాడు. నేను పక్కన నిలబడి, సహాయం పట్టేవాళ్ళు లేక, ఆ మెట్లను, ఆ ఇల్లు కట్టినవాణ్ణి, వాడి వంశాన్ని తిడుతున్నాను. అప్పుడే పైనుంచి ఇద్దరు కుర్రవాళ్ళు దిగివచ్చారు. తెల్ల చొక్కాలు, టైలు, జేబు మీద నల్ల బిళ్ళలు. ఆ బిళ్ళల మీద 'ఎల్డర్' అని రాసి ఉంది. మీసాలు కూడా సరిగా రాని పిల్లలు, వీళ్ళు పెద్దలట. పైన ఎవరింటికో యేసును గురించి చెప్పడానికి వచ్చి, తలుపు తీయకపోతే తిరిగిపోతున్నారు.

వాళ్ళు మాకేమీ చెప్పలేదు. గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, ఆయనను కూర్చోబెట్టి, చెరో వైపు పట్టుకుని పైకి మోశారు. మళ్ళీ డయాలసిస్ ఎప్పుడని అడిగి, ఆ రోజు పొద్దున్నే వచ్చి కిందికి మోశారు. అలా నెలంతా మోశారు. వాళ్ళలో ఒకడిది రాజమండ్రి వైపు. "ఆంటీ, మీరు నన్ను తిడుతున్నారా, మామూలుగానే మాట్లాడుతున్నారా" అని ఎన్నిసార్లు అడిగాడో. నా మాట తీరు వాడికి అలా తోచేది. చివరికి యేసును గురించి చెప్పమని నేనే అడగాల్సి వచ్చింది.

ఆరు నెలలకు మేమిద్దరం వాళ్ళ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాం. అక్కడ జీతం తీసుకునే పాస్టరు ఉండడు. ఆదివారం ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడాలి. నా వంతు వచ్చినప్పుడు లేచి, మెట్ల సంగతి, కుర్చీ సంగతి చెప్పాను. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ నోరు ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేవదనుకున్నానే అన్నాడు, గదికి వచ్చాక.

వాళ్ళ ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసం ఉండదు. యేసు చివరి భోజనాన్ని తలుచుకుని రొట్టె, చిన్న కప్పుల్లో మంచినీళ్ళు తీసుకుంటారు. అది ప్రతి ఆదివారమూ ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇస్తారు. మా ఆయనకు రోజుకు ఒక చిన్న సీసాడు, అంతే. వేసవిలో ఆ సీసాను పక్కన పెట్టుకుని, నాలుక తడుపుకుని, మళ్ళీ మూత పెట్టేవాడు. అలాంటి మనిషి ఆదివారం పొద్దున లేచింది మొదలు ఒక్క గుటక కూడా తాగేవాడు కాదు. "ఈ పొద్దు నా నీళ్ళు ఆయప్ప చేతి నుంచే మొదులు పెడతా" అనేవాడు. ఆయప్ప అంటే మా ఇంట్లో యేసే. ఆస్పత్రిలో పడినప్పుడు కూడా ఆ పిల్లలు రొట్టె ముక్క, ఆ చిన్న కప్పు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చేవారు. ఆయన ఆ గుటకను నోట్లో చాలాసేపు ఉంచుకునేవాడు. నేను నా జీవితంలో అంత భక్తి ఇంకెక్కడా చూడలేదు.

ఆయన పోయిన రోజున కూడా ఆ పిల్లలు వచ్చారు. తలకు నూనె రాసి, చేతులుంచి ప్రార్థన చేశారు. ఆయన కళ్ళు తెరిచి, "యేసయ్యా, దీన్ని చూసుకో" అన్నాడు. నన్నే చూస్తూ అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

మరి ఆ సంఘాన్ని ఎందుకు వదిలావు అని అడుగుతారు. వాళ్ళు నాకు చేసిన చెడ్డ ఏమీ లేదు. ప్రొద్దుటూరు తిరిగివచ్చాక నా చుట్టుపక్కల వాళ్ళ కూటమే లేదు. ఆదివారం డ్యూటీ లేకపోతే ఫోనులో కలిసేదాన్ని. వాళ్ళ నమ్మకం ప్రకారం, మందిరంలో ముద్ర వేయించుకున్న భార్యాభర్తల బంధం చావుతో తెగదు, పైలోకంలోనూ నిలుస్తుంది. మామూలు ప్రార్థనశాల వేరు, ఆ మందిరం వేరు. అప్పట్లో దానికి సముద్రం దాటి పోవాలి. మాకు ఆ భాగ్యం కలిగేలోపే ఆయన పోయాడు. ఇప్పుడైనా నేను పోయి, ఆయన బదులు ఇంకొకరిని నిలబెట్టి ఆ ముద్ర వేయించుకోవచ్చని ప్రేమగానే చెప్పారు. చెప్పినవాళ్ళకు అది పెద్ద ఓదార్పు. నాకు మాత్రం అది రోజూ గుచ్చుకునేది. నేను ఆ మందిరానికి పోయేదాకా ఆయన ఎవరివాడు? నేను పోలేకపోతే?

సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగను గురించి ఆలోచించాను. వాడు ఒక్క మాట అడిగాడు. ఆ పూటే తనతో రమ్మన్నాడు యేసు. వాణ్ణి ఏ మందిరానికి పోయివచ్చావని అడగలేదు. అంతకంటే ఎక్కువ మా ఆయనకు ఎందుకు కావాలి? ఇంకా కొన్ని బోధలు కూడా ఒంటబట్టలేదు, వాటిని గురించి వాదించే చదువు నాకు లేదు. రెండేళ్ళు నలిగి, పేరు తీసేయమని జాబు రాశాను. బెంగళూరు నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసి, "పేరు తీసినా నీ కోసం ప్రార్థన మానను తల్లీ" అంది. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. తిట్టి ఉంటే తేలికయ్యేది.

జమ్మలమడుగులో మగ్గం నేసే మా తమ్ముడు మాత్రం పండగ చేసుకున్నాడు. మోర్మన్లు టీ తాగరు, నేనూ అన్నాళ్ళూ ముట్టలేదు. తమ్ముడు ఇంటికి పిలిచి, గ్లాసు నిండా టీ పోయించి ముందు పెట్టాడు.

"అక్కా, ఒకటి వదిలితివి గదా, ఆ యేసును గూడా వదిలేయ్. పీడ పోతాది" అన్నాడు.

"నీ టీ తాగుతా. ఆయప్ప జోలికి రావాకు" అన్నాను.

అన్నానే గానీ, లోపల ధైర్యం లేదు. నిజంగానే అన్నీ ఒక్క మూటేనేమో, ఒకటి వదిలితే రెండోది కూడా వదలాలేమో అనిపించింది. ఒక వారం ప్రార్థన మానేసి చూశాను. ఎనిమిదోనాడు ముద్దనూరు దాటాక బస్సు ఖాళీ అయింది. వెనక సీట్లో కూర్చుని గొణుగుతున్నాను. నన్నెందుకు ఆ మెట్ల మీద పట్టుకున్నావు, పట్టుకున్నవాడివి ఇట్లా నడిమధ్యలో ఎందుకు వదిలావు అని. గొణిగి గొణిగి, ఎవరితో పోట్లాడుతున్నానో చూసుకుని నవ్వొచ్చింది. వారమంతా నేను ఆయనతోనే మాట్లాడుతూ ఉన్నాను, తిట్లతో. లేడనుకున్న మనిషిని అంతసేపు తిట్టరు. ఆ రోజు నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ సంతోషం ఇప్పటికీ ఉంది.

తర్వాత ప్రొద్దుటూరులో మా వీధి చివర రేకుల షెడ్డులో జరిగే చిన్న సంఘానికి పోవడం మొదలుపెట్టాను. పాస్టరుగారిది చాపాడు దగ్గర పల్లె. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. మంచి మనిషి. నా పాత సంగతులన్నీ ఆయనకు చెప్పాను. అక్కడ నెలకు ఒక ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. అందరూ ముందుకు పోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. నా పాత బాప్తిస్మం చెల్లదు కాబట్టి నేను తీసుకోకూడదు. అందరూ లేచి పోతుంటే చాప మీద నేనొక్కదాన్నే కూర్చుని ఉండేదాన్ని. రెండేళ్ళు అలా కూర్చున్నాను. ఆకలిగా ఉండేది. మాట వరసకు కాదు, నిజంగా కడుపులోనే ఉండేది. మళ్ళీ మునగమంటే నాకు అభ్యంతరం లేదు, పదిసార్లయినా మునుగుతాను. నీళ్ళతో నాకేం తగువు? అందుకే ఒప్పుకున్నాను. అప్పుడిచ్చారు ఆ కాగితం.

ఆ లైను చదివితే నాకు బల్ల దొరుకుతుంది. కానీ ఆ లైను నిజమైతే, ఆ ఆస్పత్రి మంచం మీదనుంచి మా ఆయన పిలిచింది ఎవరిని? ఎవరూ లేని చోటికి నన్ను అప్పజెప్పి పోయాడా? అది నా నోటితో, నలుగురిలో చెప్పడం నావల్ల కాదు.

డ్రైవరన్నకు కాగితం చదివి వినిపించాను. ఆయనది ఖాజీపేట, కువైట్‌లో కొన్నాళ్ళు బండి తోలి వచ్చిన ముస్లిం. స్టీరింగు మీద చెయ్యి తీయకుండా అంతా విన్నాడు.

"మేము గూడా యేసును ఈసా నబీ అంటాం గదమ్మా. ఆ లెక్కన మాది ఎన్నో యేసు?" అన్నాడు.

"నువ్వు ముందు రోడ్డు చూడన్నా" అన్నాను. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాను.

బాప్తిస్మం ఆదివారం అనగా శుక్రవారం నాడు పాస్టరుగారే నా బస్సెక్కారు. పులివెందులలో ఉపవాస ప్రార్థనకు పోతున్నారు. జమ్మలమడుగులో సగం బస్సు దిగాక, ఆయన సీటు పక్కన నిలబడ్డాను.

"అయ్యగారూ, ఆ నడిమి లైను నేను చదవను."

ఆయన చుట్టూ చూశారు. నాకు మెల్లగా మాట్లాడడం రాదు కదా. బస్సులో మిగిలినవాళ్ళంతా మావైపు తిరిగారు.

"అది నేను రాసింది గాదమ్మా. దుర్బోధలో నుంచి వచ్చినోళ్ళందరికీ మా పెద్దలు పెట్టింది. వాళ్ళు చెప్పే యేసు వేరే, మనం నమ్మే యేసు వేరే" అన్నారు.

"వాళ్ళ బోధ తప్పయితే తప్పని చెప్తా. నేను వదిలొచ్చింది అందుకే గదా. అది రాసియ్యండి, గట్టిగా చదువుతా. యేసే వేరే అనొద్దు" అన్నాను. ఇక ఆగలేదు. మెట్లు, కుర్చీ, కొలిచిన నీళ్ళు, ఆదివారం దాకా దాచుకున్న దాహం, అన్నీ చెప్పేశాను. నడుమ ఎవరో చెయ్యి చాస్తే వాళ్ళకు టికెట్టు కొట్టి ఇచ్చి, మళ్ళీ అందుకున్నాను. "నోరెండిపోయి, పొద్దున్నుంచి ఓర్చుకుని, ఆ గుటక తాగినాడయ్యా మా ఆయన. ఆ గుటక ఎవురిచ్చినారు? దయ్యమా? ఆఖర్న యేసయ్యా అని పిలిచినాడు. ఆ పిలుపు యాడికి పోయినట్ల?"

ఎదురు సీట్లో ఒక ముసలాయన చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని అంతా వింటున్నాడు. ముద్దనూరులో దిగి కొండాపురం బస్సు ఎక్కవలసినవాడు. వాళ్ళ ఊరు గండికోట డ్యాము నీళ్ళలో మునిగిపోతే ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చిన కాలనీలో ఉంటున్నాడు. ఆయన కలగజేసుకున్నాడు.

"అప్పా, నాకు మీ దేవుని సంగతులు తెలీవు. మా ఊరు నీళ్ళ కింద ఉండాది. మళ్ళీ ఆడికి పోయేదానికి లేదు, పోను గూడా. కానీ నేను ఆడ పుట్టలేదని రాసియ్యమంటే ఎట్ల రాసిచ్చేది?"

ముద్దనూరు వచ్చింది. ముసలాయన సంచి పట్టుకుని దిగిపోయాడు. పాస్టరుగారు పులివెందుల దాకా కిటికీలోంచి బయటికే చూశారు. దిగేటప్పుడు "ఆదివారం రా అమ్మా" అన్నారు. ఏమీ తేల్చలేదు. నాకు మండిపోయింది.

శనివారమంతా పోవాలా వద్దా అని కొట్టుకున్నాను. ఆదివారం సెలవు పెట్టి, తెల్లచీర కట్టుకుని పోయాను. ఆయన ఆ లైను అడుగుతారు, నేను చదవను, అంతమందిలో తొట్టిలోంచి లేచి తడిబట్టలతో ఇంటికి పోతాను, ఇంక ఏ బల్లకూ పోను అని గట్టిగా అనుకున్నాను. అనుకుంటూ ఉంటేనే ఏడుపొచ్చింది. నాకు ఇంకో చోటు లేదు.

షెడ్డు వెనక సిమెంటు తొట్టి. నాకంటే ముందు ఒక కొత్త జంట మునిగింది. తర్వాత నేను దిగాను. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. పాస్టరుగారి చేతిలో అదే కాగితం ఉంది, అంచులు తడిసి.

"యేసు నీ ప్రభువని నమ్ముతాండావా?" అని అడిగారు.

"నమ్ముతాండా."

ఆయన కాగితం చూశారు. నన్ను చూశారు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. గట్టున ఉన్న సంఘపెద్ద ఒకాయన దగ్గి, "అయ్యగారూ, రెండోది" అన్నాడు. పాస్టరుగారు అటు తిరగలేదు.

"ఎప్పుట్నుంచి నమ్మినావమ్మా ఆయన్ని?" అని నన్నడిగారు.

ఆ ప్రశ్న కాగితంలో లేదు. నేను తయారుగా లేను. అంత గొంతూ ఏమైపోయిందో, మెల్లగా వచ్చింది మాట. "బెంగళూరులో అయ్యా. మూడో అంతస్తు మెట్ల కాన్నుంచి. మా ఆయన, నేను, ఇద్దరం ఒగసారే."

ఆయన జనం వైపు తిరిగారు. "ఈయమ్మ భర్త బెంగళూరు ఆస్పత్రిలో ప్రభువునందు నిద్రించినాడు. ఆయన కోసరం గూడా దేవుణ్ణి స్తుతించండి" అన్నారు.

ఆ మాట గురించి బయటివాళ్ళకు చెప్పాలి. మా సంఘాల్లో విశ్వాసి కానివాళ్ళు ఎవరు పోయినా చనిపోయాడనే అంటారు. ప్రభువునందు నిద్రించాడు అన్న మాట విశ్వాసిగా పోయినవాళ్ళకే వాడతారు, సమాధి రాళ్ళ మీద కూడా అదే చెక్కిస్తారు. రెండేళ్ళుగా ఎన్ని ప్రార్థనల్లో మా ఆయన మాట వచ్చినా పాస్టరుగారు ఆ మాట వాడలేదు. నేను అడగలేదు. అడిగి తీసుకునే మాట కాదది.

చుట్టూ ఉన్నవాళ్ళు స్తోత్రం అన్నారు. కాస్త ఆలస్యంగా ఆ సంఘపెద్ద కూడా అన్నాడు. నేను మూడో లైను చెబుదామని నోరు తెరిచాను, రాలేదు. పాస్టరుగారు నా తల వెనక చెయ్యి వేసి, "చాల్లేమ్మా" అని నీళ్ళలో ముంచారు.